సరుకు ఉంది, ఆర్డరు ఆగింది
గోదాములో పని నిలిచిపోయినప్పుడు చేయవలసిన లెక్క

(భివండిలో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభల్లో మాట్లాడేవారు సాధారణంగా ఇంజనీరింగు గురించో, వైద్య విద్య గురించో, పోటీ పరీక్షల గురించో చెబుతారు. నేను గోదాముల గురించి మాట్లాడబోతున్నాను. ఈ ఏడాది వచ్చిన దరఖాస్తులను సరిచూసే పనిలో నేనూ ఒక చేయి వేశాను. తండ్రి వృత్తి అని ఉన్న చోట చాలామంది 'సాంచల పని' అని రాశారు. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల ఉద్యోగం అని ఉన్న చోట మాత్రం 'గోదాములో పని' అన్న మాటే ఎక్కువగా కనిపించింది. ఒక తరంలో ఇంత మార్పు వచ్చినప్పుడు ఆ పని ఏమిటో, అందులో తెలివి ఎక్కడ కావాలో మన ఇళ్లలో మాట్లాడుకోవాలి అనిపించింది.

మన తాతలు తెలంగాణ జిల్లాల నుండి ఇక్కడికి వచ్చింది మగ్గం పని కోసం. భివండిలో గోదాములు పెరగడానికి కారణం వేరు. ముంబయి నగరంలోకి సరుకు తెస్తే ఆక్ట్రాయ్ కట్టవలసి వచ్చేది. అందుకని వ్యాపారులు నగరం బయట, నాసిక్ రోడ్డు పక్కన మాన్‌కోలి, పూర్ణా, కాల్హేర్ వంటి పల్లెల్లో సరుకు దించి, అవసరమైనంత మాత్రమే లోపలికి పంపేవారు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. అంతకుముందు రాష్ట్రాల మధ్య అమ్మకపు పన్ను తప్పించుకోవడానికి కంపెనీలు ప్రతి రాష్ట్రంలోనూ ఒక చిన్న గోదాము పెట్టుకునేవి. జీఎస్టీ తరువాత ఆ అవసరం పోయింది. చిన్నవి తీసేసి పెద్దవి కట్టడం మొదలుపెట్టారు. ఆక్ట్రాయ్ పోయినా గోదాములు పోలేదు, ఇంకా పెద్దవయ్యాయి. ఒక్క కప్పు కింద వేల రకాల సరుకు చేరింది. పెద్ద గోదాము నడిస్తే లాభమూ పెద్దదే. అది ఒక పూట ఆగితే ఇబ్బందీ అంత పెద్దదే. ఈ రోజు నేను చెప్పేది ఆ ఆగిన పూట గురించే.

బ్యాంకు గుమాస్తాకు గోదాముతో ఏం పని అని మీరు అడగవచ్చు. నేను బీకాం చదివి 37 సంవత్సరాలు బ్యాంకులో గుమాస్తాగా పనిచేశాను. ఆ రోజుల్లో 'కీ లోన్' అని ఉండేది. వ్యాపారి నూలు బేళ్లను బ్యాంకుకు తాకట్టు పెట్టేవాడు. గోదాముకు బ్యాంకు తాళం, బయట బ్యాంకు బోర్డు. వ్యాపారి డబ్బు కట్టినకొద్దీ మేము డెలివరీ ఆర్డరు రాసి అన్ని బేళ్లే విడిచేవాళ్లం. ప్రతి దొంతర మీద ఒక బిన్ కార్డు వేలాడేది. ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి, ఎవరి సంతకం అని అందులో రాసి ఉండేది. కార్డు మీది అంకె, రిజిస్టరులోని అంకె, కంటి ముందున్న బేళ్లు, ఈ మూడూ ఒకటే కావాలి. ఇవాళ స్కానర్లు, కంప్యూటర్లు వచ్చాయి కానీ గోదాము ధర్మం మారలేదు. ఈ మూడు లెక్కలూ కలిసి ఉన్నంతసేపు పని నడుస్తుంది.

ఒక ఆర్డరు నడిచే దారి

ఆర్డరు అంటే ఏదో ఒకేసారి జరిగే పని అనుకుంటాం. కాదు, అది మెట్లు దిగుతూ పోయే పని. దుకాణదారు పంపిన ఆర్డరు గోదాముకు చేరడం మొదటి మెట్టు. డబ్బు కట్టాడా, బాకీ పరిమితి దాటాడా అని చూడడం రెండవది. ఆ సరుకు ఉందో లేదో చూసి అతని పేరిట కేటాయించడం మూడవది. ఏ వరుసలో, ఏ ర్యాకులో, ఏ అరలో ఉందో జాబితా తీయడం నాలుగవది. పిల్లలు తిరిగి ఆ సరుకు ఏరి తేవడం ఐదవది, దీన్నే పికింగ్ అంటారు. సరిచూసి ప్యాకింగ్ చేయడం ఆరవది. ఇన్వాయిస్, లేబులు, ఈ-వే బిల్లు తయారు చేయడం ఏడవది. లారీకి ఎక్కించడం ఎనిమిదవది. అవతలివాడికి ముట్టినట్టు రసీదు రావడంతో ఆ ఆర్డరు ముగుస్తుంది.

పాత రోజుల్లో బ్యాంకులో చెక్కు కూడా ఇలాగే నడిచేది. టోకెను ఇవ్వడం, లెడ్జరులో రాయడం, సంతకం సరిచూడడం, అధికారి పాస్ చేయడం, క్యాషు కౌంటరులో డబ్బు చెల్లించడం. ఖాతాదారు వచ్చి 'నా చెక్కు ఏమైంది?' అంటే 'ఆలస్యమవుతుంది కూర్చోండి' అనేది జవాబు కాదు. 'లెడ్జరులో రాయడం అయింది, అధికారి బల్ల మీద ఉంది' అనడం జవాబు. గోదాములో పని నిలిచినప్పుడు కూడా మొట్టమొదట తెలియవలసింది ఇదే. ఆర్డరు ఆగింది అంటే చాలదు, ఏ మెట్టు మీద ఆగింది?

సరుకు ఉండి కూడా పని ఆగుతుంది అని మనందరికీ 2016లో తెలిసింది. నవంబరు 8 రాత్రి పాత 500, 1,000 నోట్లు రద్దయ్యాయి. మరునాడు బ్యాంకులు మూసి, 10వ తేదీన తెరిచాము. కొత్త 2,000 నోట్లు వచ్చాయి. కానీ ఏటీఎంలో ఆ నోటు పట్టలేదు, ఎందుకంటే కొలత వేరు. ఒక్కొక్క యంత్రం దగ్గరికి మనిషి వెళ్లి సర్దుబాటు చేసేదాకా, నోట్లు ఉన్న చోట కూడా జనం వరుసలో నిలబడ్డారు. సరుకు ఒక చోట సిద్ధంగా ఉంది, దానిని అందించే దారి సిద్ధంగా లేదు. గోదాముల్లో వచ్చే ఆటంకాలలో చాలా భాగం ఇటువంటివే.

నాలుగు గంటలు ఆగితే ఎంతసేపు వెనుకబడతాము?

ఇక్కడ విద్యార్థులు కాగితం, కలం తీసుకోండి. మాట వరుసకు ఒక గోదాముకు గంటకు 250 ఆర్డర్లు వస్తాయి అనుకుందాం. అక్కడి మనుషులు గంటకు 300 పంపగలరు. ఏదో కారణం చేత 4 గంటలు పని ఆగింది. ఆర్డర్లు రావడం ఆగలేదు. 1,000 ఆర్డర్లు పేరుకున్నాయి. పని మళ్లీ మొదలయ్యాక ఎంతసేపటికి ఇవి తీరుతాయి?

చాలామంది 4 గంటలు అంటారు. కాదు. గంటకు 300 పంపుతున్నా, అదే గంటలో కొత్తగా 250 వస్తున్నాయి. పాత బాకీ మీదికి మిగిలేది గంటకు 50 మాత్రమే. 1,000ని 50తో భాగించండి. 20 గంటలు. 4 గంటల ఆటంకానికి 20 గంటల వెనుకబాటు. అదనపు మనుషులను పెట్టి గంటకు 350 చేస్తే 10 గంటల్లో తీరుతుంది. లేదా అవసరం లేని కొత్త ఆర్డర్లు గంటకు 100 చొప్పున మరునాటికి వాయిదా వేసి, వచ్చేవాటిని 150కి తగ్గిస్తే 6 గంటల 40 నిమిషాల్లో తీరుతుంది. వాయిదా వేసినవి రేపటి పనిలో చేరతాయి, అదీ గుర్తు పెట్టుకోవాలి.

ఇది ఐదవ తరగతి లెక్క. అయినా ఆ సమయానికి ఈ లెక్క వేసేవాడు గోదాములో ఒక్కడు ఉంటే, పై అధికారి దుకాణదారులకు 'సాయంత్రానికి పంపుతాం' అని చెప్పడు, 'రేపు మధ్యాహ్నానికి పంపుతాం' అని చెబుతాడు. ఆ మాట నిలబడుతుంది. ఈ లెక్క వేయకుండా 'త్వరగా కానివ్వండి' అని కేకలు వేస్తే పిల్లలు పరుగెత్తుతారు, తప్పు సరుకు వెళుతుంది, అది తిరిగి వస్తుంది, దానిని దించుకోవడం మరో పని అవుతుంది.

ప్రపంచంలో జరిగినవి

పెద్ద పెద్ద కంపెనీలకే ఇది జరిగింది. మూడు సంగతులు చెబుతాను.

అమెరికాలో హెర్షీ అనే చాక్లెట్ల కంపెనీ 1999లో కొత్త కంప్యూటరు వ్యవస్థలు పెట్టింది. నాలుగేళ్ల పనిని రెండున్నరేళ్లకు కుదించి, ఆర్డర్లు విపరీతంగా వచ్చే పండుగ కాలానికి ముందు, జూలైలో ఒకేసారి మొదలుపెట్టారు. అక్టోబరు చివర వచ్చే హాలోవీన్ పండుగకు అక్కడ పిల్లలకు మిఠాయిలు పంచుతారు. చాక్లెట్లు తయారై ఉన్నాయి. కొన్నింటిని రద్దీ కారణంగా మామూలు చోటు కాకుండా వేరే చోట్ల పెట్టారు, ఆ చోట్లు కొత్త కంప్యూటరు లెక్కలోకి ఎక్కలేదు. కంప్యూటరు దృష్టిలో ఆ సరుకు లేనట్టే. 10 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఆర్డర్లు వేళకు పంపలేకపోయారు. ఆ మూడు నెలల లాభం 19 శాతం పడిపోయింది. బిన్ కార్డు, రిజిస్టరు, సరుకు కలిసి ఉండాలి అని నేను ముందు చెప్పినది చిన్న గోదాముకు మాత్రమే కాదు అని దీనివల్ల తెలుస్తుంది.

రెండవది బ్రిటన్‌లో 2018 ఫిబ్రవరిలో జరిగింది. కేఎఫ్‌సీ వాళ్లకు అక్కడ సుమారు 900 కోడిమాంసం వంటకాల దుకాణాలు. ఫిబ్రవరి 14న సరఫరా పనిని పాత కాంట్రాక్టరు నుండి కొత్త కాంట్రాక్టరుకు మార్చారు. పాత ఏర్పాటులో గోదాములు అనేక చోట్ల ఉండేవి, కొత్త ఏర్పాటులో రగ్బీ అనే ఊళ్లో ఒకే ఒక్క గోదాము. మొదటి రోజే ఆ ఊరి దగ్గర పెద్ద రోడ్డు మీద ప్రమాదాలు జరిగి లారీలు ఆగాయి. తరువాత రోజులు గడిచినా వెనుకబాటు తీరలేదు, సగానికి పైగా దుకాణాలు మూతపడ్డాయి. ఇందాకటి లెక్క గుర్తు తెచ్చుకోండి. మాంసం బేళ్ల వంటిది కాదు, ఆలస్యమైతే పారవేయాల్సిందే. తరువాతి నెలలో కొన్ని దుకాణాల సరఫరాను కంపెనీ తిరిగి పాత కాంట్రాక్టరుకే అప్పగించింది.

మూడవది ఇటీవలిది. జపాన్‌లో అసాహి అనే పెద్ద పానీయాల కంపెనీ కంప్యూటర్ల మీద 2025 సెప్టెంబరు 29న సైబరు దాడి జరిగింది. ఆర్డర్లు తీసుకోవడం, సరుకు పంపడం రెండూ ఆగాయి. అప్పుడు వాళ్లు ఏం చేశారు? ఫోన్ల మీద, ఫ్యాక్స్ మీద ఆర్డర్లు తీసుకుని, చేతితో రాసుకుని, ముఖ్యమైన సరుకును కొద్దికొద్దిగా పంపారు. అంత సాంకేతిక దేశంలో, అంత పెద్ద కంపెనీని ఆ రోజుల్లో నడిపించినవి కాగితం, కలం, వాటితో వరుసగా పనిచేయడం తెలిసిన మనుషులు.

మొదటి గంటలో

ఇక మన పిల్లలు పనిచేసే చోట ఇటువంటిది వస్తే ఏం చేయాలి? ముందుగా సమయం రాయాలి. ఎన్ని గంటలకు ఆగింది, చివరగా వెళ్లిన ఆర్డరు నంబరు ఏది. ఈ ఒక్క పంక్తి రాసి పెట్టుకుంటే తరువాత సగం గొడవలు ఉండవు.

రెండవది, కొత్త జాబితాలు విడుదల చేయడం ఆపాలి. మన ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతే. పోగు తెగితే సాంచను ఆపుతాం, ముడి వేస్తాం, మళ్లీ నడుపుతాం. ఆపకుండా నడిపితే గజాల కొద్దీ బట్ట చెడిపోతుంది. ఆపినందుకు నష్టం నిమిషాలు, ఆపనందుకు నష్టం తాను మొత్తం.

మూడవది, ఉన్న ఆర్డర్లను మెట్ల వారీగా కుప్పలు చేయాలి. ఇంకా ఏరనివి, ఏరి ప్యాక్ చేయనివి, ప్యాక్ చేసి బిల్లు కానివి, బిల్లు అయి లారీ ఎక్కనివి. కుప్పకు ఒక చీటీ, చీటీ మీద సంఖ్య. ప్యాకయినవాటిని ఏరనివాటితో కలిపితే వేరు చేయడానికి ఒక పూట పడుతుంది.

నాలుగవది, వరుస నిర్ణయించాలి. మందులు, చల్లగా ఉంచవలసినవి, గడువు దగ్గర పడినవి ముందు. మిగిలినవాటిలో ఏ లారీ ఎప్పుడు బయలుదేరుతుందో చూసి దాని ప్రకారం. పెద్ద గొంతుతో ఫోను చేసినవాడికి ముందు పంపడం వరుస కాదు. 2020 మార్చిలో దేశమంతా మూతపడినప్పుడు అమెజాన్ సంస్థ మన దేశంలో అత్యవసరం కాని వస్తువుల ఆర్డర్లను తాత్కాలికంగా ఆపి, నిత్యావసరాలకు చోటు చేసింది. అందరికీ కొంచెం కొంచెం ఆలస్యం చేయడం కన్నా, కొందరికి 'ఇప్పుడు కాదు' అని చెప్పి అవసరమైనవారికి వేళకు ఇవ్వడం మేలు.

ఐదవది, అవతలివారికి చెప్పాలి. మందుల దుకాణదారుకు ఉదయమే తెలిస్తే పక్క ఊరి నుండి తెప్పించుకుంటాడు. సాయంత్రం తెలిస్తే రోగి ఇంటికి వట్టి చేతులతో వెళతాడు. అందువల్ల ఏమీ చెప్పకపోవడం కన్నా ఆలస్యమవుతుందని చెప్పడం నయం.

కాగితం మీద నడపడం

కంప్యూటరు ఎప్పుడు లేస్తుందో తెలియనప్పుడు కాగితం మీద నడపవలసి వస్తుంది. దానికి పుస్తకాలు ముందే అచ్చు వేయించి ఉండాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం మొదలుపెడితే ప్రయోజనం లేదు కదా. ప్రతి చీటీకీ అచ్చు వేసిన వరుస సంఖ్య ఉండాలి, కింద కార్బన్ నకలు ఉండాలి. ఏరినవారి సంతకం ఒకటి, సరిచూసినవారి సంతకం ఒకటి. చీటీ పాడైతే చింపి పారవేయకూడదు, అడ్డంగా గీత గీసి 'రద్దు' అని రాసి పుస్తకంలోనే ఉంచాలి. బ్యాంకులో డ్రాఫ్టు ఫారాలకు ఇదే పద్ధతి. ఒక్క సంఖ్య కనిపించకపోతే ఇంటికి వెళ్లనిచ్చేవారు కాదు.

ఇంకొక సంగతి. మనుషులు అదే వేగంతో కాగితం మీద పని చేయలేరు. గంటకు 300 అయ్యే చోట 60 కావచ్చు. కాబట్టి ఏ 60 అన్నది ముందే నిర్ణయించుకోవాలి.

లారీ విషయంలోనూ జాగ్రత్త అవసరం. సాధారణంగా 50,000 రూపాయలు దాటిన సరుకు కదలాలంటే ఈ-వే బిల్లు కావాలి. అందులో లారీ నంబరు మొదటిసారి ఎక్కించినప్పటి నుండి గడువు మొదలవుతుంది. సాధారణ సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున లెక్క. సరుకు ఇంకా ఏరకుండానే తొందరపడి లారీ నంబరు ఎక్కిస్తే, లారీ గేటు దగ్గర నిలబడి ఉండగానే గడువు కరిగిపోతుంది. అవసరం లేని బిల్లును రద్దు చేయాలంటే 24 గంటల లోపే చేయాలి. వాణిజ్య శాస్త్రం చదివే పిల్లలు ఇటువంటి నియమాలు పుస్తకంలో చదివి మరిచిపోతారు, గోదాములో ఇవే అన్నం పెడతాయి.

తిరిగి లేచాక

అసలు ప్రమాదం కంప్యూటరు తిరిగి లేచిన తరువాత ఉంది. అందరూ ఊపిరి పీల్చుకుని పాత వేగంతో పని మొదలుపెడతారు. అయితే కాగితం మీద పంపిన ఆర్డర్లు కంప్యూటరులో ఇంకా 'పంపవలసినవి' గానే ఉంటాయి. అది మళ్లీ జాబితా ఇస్తుంది, సరుకు రెండోసారి వెళ్లిపోతుంది. దుకాణదారు కూడా జవాబు రాలేదని అదే ఆర్డరు రెండుసార్లు పంపి ఉంటాడు. అందువల్ల కాగితం మీద పంపినవన్నీ చీటీ వరుస ప్రకారం కంప్యూటరులో ఎక్కించి, ఒక్కొక్క చీటీ మీద టిక్కు పెట్టి, చివరి సంఖ్య దాకా వచ్చాకనే కొత్త జాబితాలు విడుదల చేయాలి. ఆ తరువాత ఎక్కువగా కదిలిన సరుకును కళ్లతో చూసి లెక్కపెట్టాలి. పుస్తకం, కంప్యూటరు, ర్యాకు మూడూ కలిసినప్పుడే ఆటంకం తీరినట్టు.

జీతంలో కోత

తల్లిదండ్రులు కూడా వినవలసిన సంగతి ఒకటి ఉంది. మన కుటుంబాలలోని ఒక అబ్బాయి ఒక గోదాములో రాత్రి పనిలో ఉండేవాడు. ఒక రాత్రి కంప్యూటరు ఆగింది. చేతికి దొరికిన తెల్ల కాగితాల మీద రాసి సరుకు పంపారు. తెల్లవారి లెక్కలో 11 పెట్టెలు తక్కువ వచ్చాయి. రాత్రి మొత్తం స్టాకు అప్పగించినట్టు ఉన్న కాగితం మీద ఈ అబ్బాయి సంతకం ఉంది. అతను లెక్కపెట్టలేదు, పెట్టమని చెప్పారు, పెట్టాడు. జీతంలో 9,000 రూపాయలు కోశారు. అతని తండ్రి ఆ కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నేను రెండు రోజులు కూర్చుని చూశాను. చీటీల మీద వరుస సంఖ్య లేదు, సమయం లేదు, ఏరినవారి పేరు లేదు. ఆ 11 పెట్టెలు రెండోసారి వెళ్లాయో, వేరే లారీ ఎక్కాయో, అసలు తగ్గాయో కూడా చెప్పడానికి ఆధారం దొరకలేదు. ఆ కుర్రవాడి నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. కానీ నిజాయితీకి కాగితం సాక్ష్యం లేకపోతే, చివరికి కింద ఉన్నవాడి జీతమే పోతుంది.

అందుకని పిల్లలకు మూడు మాటలు. లెక్కపెట్టనిదానికి సంతకం పెట్టవద్దు. పెట్టవలసి వస్తే 'లెక్కపెట్టలేదు' అని పక్కన రాసి, సమయం వేసి పెట్టండి. మీరు రాసినదాని నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. నష్టం పేరుతో జీతం కోసే ముందు ఉద్యోగి సంజాయిషీ వినాలి అని చట్టం చెబుతోంది. ఆ సంజాయిషీ చెప్పుకోవడానికి మీ చేతిలో ఉండే ఆయుధం ఆ నకలే.

ప్రాణం సంగతి కూడా చెప్పాలి. పని పేరుకున్నప్పుడు పెట్టెలను నడిచే దారిలో, అగ్నిప్రమాదం జరిగితే బయటపడే తలుపు ముందు పేరుస్తారు. శిక్షణ లేని కుర్రవాడిని ఫోర్కులిఫ్టు ఎక్కమంటారు. ర్యాకు మీదికి పాకమంటారు. ఏ ఆర్డరూ అంత అత్యవసరం కాదు. 'నాకు శిక్షణ లేదు' అని మర్యాదగా, గట్టిగా చెప్పడం పిల్లలకు ఇంట్లోనే నేర్పండి.

చదువుకునేవారికి

గోదాము పని అంటే బరువులు మోయడమే అని తల్లిదండ్రులు అనుకుంటారు. మోసేవారు ఎప్పుడూ ఉంటారు. అయితే ఆర్డరు ఎక్కడ ఆగిందో చెప్పగలిగేవారు, వెనుకబాటు లెక్క వేయగలిగేవారు, రెండు పుస్తకాలను కలపగలిగేవారు తక్కువ. ఆ కొరతలోనే మన పిల్లలకు చోటు ఉంది. బీకాం చదివేవారు స్టాకు లెక్కలు, జీఎస్టీ, కంప్యూటరులో పట్టికలు వేయడం శ్రద్ధగా నేర్చుకోవాలి. ప్లస్ టూతో ఆగినవారికి చెన్నై కేంద్రంగా ఉన్న లాజిస్టిక్స్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ వారి ధ్రువపత్రాల శిక్షణలు ఉన్నాయి. పికింగ్, ప్యాకింగ్, స్టాకు గుమాస్తా పనులకు అవి ఉపయోగపడతాయి. ఇప్పటికే పనిలో ఉన్న అన్నలు, అక్కలు ఇంటికి వచ్చాక తమ గోదాములో ఆర్డరు ఏ మెట్ల మీదుగా నడుస్తుందో తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పండి. చెబుతుంటే మీకే కొత్తగా అర్థమవుతుంది.

ఆడపిల్లలను పంపడానికి వెనుకాడే తల్లిదండ్రులకు ఒక మనవి. సరిచూడడం, బిల్లులు చేయడం, లెక్క కలపడం వంటి పనులు ఓపిక, నిదానం కోరేవి. రాత్రి పని అయితే ఇంటికి చేర్చే వాహనం ఉందా, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా అని ముందే అడగండి. అడగడం తప్పు కాదు, మన హక్కు.

యంత్రాలు ఇంకా పెరుగుతాయి. అవి బాగా నడిచే రోజున మనిషి విలువ ఎవరికీ కనిపించదు. ఆగిన రోజున 'ఎవరికైనా లెక్క తెలుసా?' అని అడుగుతారు. ఆ రోజు చేయి పైకెత్తగలిగేటట్టు చదవండి. ఈ ట్రస్టు ఇచ్చే డబ్బులో ఒక్కొక్క రూపాయి ఎవరో ఒకరు సాంచ ముందు నిలబడి సంపాదించినది. దానిని పుస్తకాల మీద, శిక్షణ మీద ఖర్చు పెట్టి, లెక్క రాసి పెట్టుకోండి. లెక్క అలవాటు అక్కడి నుండే మొదలవుతుంది.